పీట్ లేకుండా మిద్దె తోట: శెనక్కాయల పొట్టుతో కుండీల మట్టి ఎలా చేసుకోవాలి

అనంతపురం లాంటి ఊళ్లో మిద్దె మీద మొక్కలు పెంచడానికి పీట్ మాస్ (కొనే కుండీ మట్టిలో కలిపి వచ్చే ఎండిన నాచు) అవసరమే లేదు. మన ఎండకూ, మన బోరు నీళ్లకూ అంతకన్నా బాగా సరిపోయేది మన శెనక్కాయల మిల్లుల దగ్గరే దొరుకుతుంది. అయితే రెండు పనులు తప్పవు. పొట్టును ఓపికగా మాగబెట్టాలి, నీళ్లు పోసే అలవాటు మార్చుకోవాలి. ఈ రెండూ చేయకుండా ఒక సంచి మానేసి ఇంకో సంచి తెచ్చుకుంటే మొక్కలు వాడిపోతాయి, ఆ నింద మాత్రం పీట్ లేని మట్టి మీద పడుతుంది.

పీట్ ఎక్కడిదో ముందు తెలుసుకోండి. చలి దేశాల్లో ఏడాది పొడుగునా నీళ్లు నిలిచే ఊబి నేలలుంటాయి. అక్కడ పెరిగే నాచు చచ్చాక పూర్తిగా కుళ్లిపోదు, పొర మీద పొరగా పేరుకుంటుంది. అదే పీట్. ఏడాదికి అది పెరిగేది సుమారు ఒక మిల్లీమీటరు. అంటే ఒక మీటరు లోతు తవ్వి తీశారంటే వెయ్యేళ్ల పేరుకుపోతను తీసేసినట్టే. భూమ్మీది నేలలో ఈ ఊబి నేలలు 3 శాతం మాత్రమే. కానీ ప్రపంచంలోని అడవులన్నిట్లో ఉన్నదానికంటే ఎక్కువ కార్బన్ వీటిలో దాగి ఉంది. పీట్ తవ్వాలంటే ముందు కాలువలు తీసి నీళ్లు పోగొట్టాలి. నీళ్లు పోయి గాలి తగిలిందంటే దాగిన కార్బన్ పొగలాగా పైకి పోవడం మొదలవుతుంది. ఐర్లండులో దశాబ్దాల పాటు పీట్ తవ్విన బోర్డ్ నా మోనా అనే ప్రభుత్వ సంస్థ 2021 జనవరిలో తవ్వకం పూర్తిగా ఆపేస్తున్నామని ప్రకటించింది. అలాంటి సరుకును లాత్వియా నుంచో కెనడా నుంచో ఓడలో తెప్పించుకుని, శెనక్కాయల పొట్టు బాయిలర్లలో, ఇటుకల బట్టీల్లో కాలిపోతున్న జిల్లాలో టమాటా మొక్కకు వేయడం నాకు ఏ మాత్రం సమంజసంగా అనిపించదు.

ఇంట్లో పీట్ ఎక్కడుందో చూసుకోండి

పీట్ మూడు దారుల్లో ఇంటికి చేరుతుంది. ఒకటి, ఆన్‌లైన్‌లో కొన్న పాటింగ్ మిక్స్ సంచి. వెనక చిన్న అక్షరాల్లో పీట్ మాస్, స్ఫాగ్నం పీట్ అని ఉంటుంది. రెండు, విత్తనాలు పెట్టుకునే చిన్న బిళ్లలు. మూడోది ఎవరూ పట్టించుకోరు: బెంగళూరు పాలీహౌసుల నుంచి వచ్చే జెర్బెరా, పెటూనియా, పాయిన్‌సెటియా లాంటి మొక్కల వేళ్ల చుట్టూ ఉండే ముదురు గోధుమరంగు ముద్ద. కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్కలకు ఎక్కువగా బంకమట్టి ముద్ద ఉంటుంది, దాని సంగతి వేరు.

కోకోపీట్ ఈ లెక్కలోకి రాదు. అది కొబ్బరి పీచు తీయగా మిగిలిన పొట్టు, నిక్షేపంగా వాడుకోవచ్చు.

ఇప్పటికే కొన్న పీట్ సంచి ఉంటే పారేయకండి. తవ్వడం, తేవడం ఎలాగూ అయిపోయాయి. మీరు చేసుకునే మిశ్రమంలో కొంచెం కొంచెంగా కలిపి వాడేసి, మళ్లీ కొనకుండా ఉంటే చాలు.

పొట్టు మాగబెట్టడం

అసలు పని ఇదే. తొందర పడకండి.

శెనక్కాయలు ఒలిచే మిల్లుకు వెళ్లి రెండు గోతాల పొట్టు అడగండి. అనంతపురం, కదిరి, ధర్మవరం, ఏ వైపైనా మిల్లు దొరకడం కష్టం కాదు. కర్నూలు వైపు వాళ్లు బుడ్డల పొట్టు అని అడిగితే ఇస్తారు. నంద్యాల చుట్టుపక్కల బియ్యం మిల్లుల నుంచి వరి ఊక, మిల్లులో కాల్చగా మిగిలిన నల్ల ఊక కూడా తెచ్చుకోవచ్చు. కడప, రాజంపేట, కోడూరు వైపు అరటి బోదెలు, రాలిన మామిడాకులు కావలసినన్ని ఉంటాయి. అక్కడి వాళ్లు పొట్టు తగ్గించి అవి వేసుకోవచ్చు. చేసే తీరు మాత్రం ఒకటే.

పొట్టు దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. దుమ్ముతో పాటు బూజు కూడా ఉంటుంది. ఇంకో విషయం, పచ్చి పొట్టును నేరుగా కుండీ మట్టిలో కలపొద్దు. కారణాలు రెండు. పొట్టు చివకడానికి నత్రజని కావాలి, దాన్ని మొక్క నోటి దగ్గర నుంచే లాక్కుంటుంది, ఆకులు పాలిపోతాయి. రెండోది, వేరుశెనగ పంటకు వచ్చే కాండం కుళ్లు, మొదలు కుళ్లు తెగుళ్ల శిలీంద్రాలు పొట్టుకు అంటుకుని రావచ్చు. కాండం కుళ్లు శిలీంద్రం కట్టే గింజల్లాంటి ఉండలు ఆవగింజలంత ఉంటాయి, నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి, టమాటాకూ వంగకూ కూడా పట్టుకుంటాయి. కుప్ప బాగా వేడెక్కితేనే అవి చస్తాయి.

పొట్టును ఒక పగలూ రాత్రీ నీళ్లలో నానబెట్టండి. పైన తేలుతుంది కాబట్టి గోతంలో కట్టి, మీద బండరాయి పెట్టి ముంచాలి. వేప చెట్టు కిందో, గోడ నీడనో చోటు చూసుకుని జానెడు మందం పొట్టు పరవండి. దాని మీద పచ్చి పేడ కలిపిన చిక్కటి నీళ్లు చల్లండి. ఆపై నాలుగు వేళ్ల మందం పచ్చి సరుకు వేయండి: కూరగాయల తొక్కలు, కానుగాకు, గ్లిరిసిడియా కొమ్మలు, మునగాకు, ఏది ఉంటే అది. వయ్యారిభామ పూతకు రాకముందు కోసింది అయితే వేయవచ్చు, పూత పట్టాక మాత్రం వద్దు, గింజలు మీ కుండీలన్నిట్లో మొలుస్తాయి. పచ్చి సరుకు తక్కువైతే గుప్పెడు శెనక్కాయల చెక్క (నూనె తీయగా మిగిలిన పిండి) పొడి చేసి చల్లండి. ఇలా పొరలు వేసుకుంటూ నడుం ఎత్తు వచ్చేదాకా పేర్చండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒక మీటరుకు తగ్గితే కుప్ప సరిగా వేడెక్కదు.

మన దగ్గర కుప్పకు పెద్ద శత్రువు ఎండిపోవడం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఊళ్లో కుప్పను ఆరుబయట వదిలేస్తే వారంలో పైపొర గలగలమంటుంది, ఇక ఏమీ చివకదు. తడిపిన గోనె పట్టాలు కప్పి, వాటిని తడుపుతూ ఉండండి. లోపలి తడి సరిపోయిందా లేదా అనేది చేతికే తెలుస్తుంది. కుప్ప మధ్య నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో తడి మెరిసి, ఒకటో రెండో బొట్లు రాలితే సరి. ధారగా కారితే ఎక్కువైంది, పొడి పొట్టు కలపాలి. అరచేయి పొడిగానే ఉంటే నీళ్లు చాలలేదు.

మూడు నాలుగు రోజులకు ఒక ఇనుప కడ్డీ కుప్ప మధ్యలో గుచ్చి, కొంతసేపాగి తీయండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే కుప్ప పని చేస్తున్నట్టు. లోపల 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులుండాలి. అప్పుడే తెగులు గింజలు, కలుపు గింజలు చస్తాయి. పది పదిహేను రోజులకోసారి బయటిది లోపలికి, లోపలిది బయటికి వచ్చేలా తిరగేయండి. బయటి పొరకు వేడి తగలదు కాబట్టి తిరగేయడం మానేస్తే సగం పొట్టు అలాగే మిగిలిపోతుంది.

మిద్దె మీద తప్ప వేరే చోటు లేనివాళ్లు, చుట్టూ, అడుగునా రంధ్రాలు పెట్టిన పెద్ద డ్రమ్ములో ఇదే పని చేయవచ్చు. డ్రమ్ము అంతగా వేడెక్కదు, ఎక్కువ కాలం పడుతుంది. అలాంటప్పుడు ఒకసారి వేడి నీళ్లు పోసి ఆరబెట్టిన పొట్టు వాడితే నయం.

నాలుగు నెలలు గడిచాక చూడండి. శెనక్కాయ పొట్టు మీద వల లాంటి గీతలుంటాయి కదా. బాగా మాగిన పొట్టులో ఆ గీతలు కనీ కనపడనట్టు ఉంటాయి, రెండు వేళ్ల మధ్య నలిపితే మెత్తగా విరిగి నల్లటి పొడి చేతికి అంటుతుంది. టక్కున విరిగితే ఇంకా కాలేదు. ఎలా ఉన్నా, వాడే ముందు రెండు పరీక్షలు చేయండి. తడి ఎరువు కొంత ప్లాస్టిక్ కవర్లో గట్టిగా కట్టి, రెండు రోజుల తర్వాత విప్పి వాసన చూడండి. మట్టి వాసన వస్తే సరే, ఘాటుగా వస్తే ఇంకొన్నాళ్లు ఆగాలి. తర్వాత ఒక గిన్నెలో ఆ ఎరువు నింపి మెంతులు చల్లండి. నాలుగైదు రోజుల్లో నిండుగా మొలిచి, మొలకలు పచ్చగా నిలబడితే ఎరువు సిద్ధం. మొలకలు తక్కువగా వచ్చినా, కొనలు మాడినా అది ఇంకా పచ్చి ఎరువే.

కుప్ప చల్లారాక ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే బూజు పొడి కలిపితే వేరుకుళ్ల బాధ చాలా తగ్గుతుంది. వేడి మీద కలిపితే అది చచ్చిపోతుంది, అందుకే చల్లారేదాకా ఆగమనడం. రైతులు 90 కిలోల పశువుల ఎరువుకు 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలుపుతారు. మీరు అందులో పదో వంతు తీసుకోండి: 9 కిలోల పొట్టు ఎరువు, కిలో వేపపిండి, 200 గ్రాముల పొడి. నీళ్లు చిలకరించి, గోనె పట్టా కప్పి వారం పది రోజులు నీడలో ఉంచితే ఎరువంతా తెల్లటి, పచ్చటి బూజు అల్లుకుంటుంది. అదే మనకు కావలసింది. పొడి ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే అనంతపురం వాళ్లు రెడ్డిపల్లి, కర్నూలు వాళ్లు బనవాసి, కడప వాళ్లు ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగండి.

కోకోపీట్ కడగడం

5 కిలోల దిమ్మె నానితే 60, 70 లీటర్ల దాకా ఉబ్బుతుంది. అందులో ఉప్పు ఉంటుంది. కొన్ని దిమ్మెల్లో చాలా ఎక్కువ. నానాక రంధ్రాల బుట్టలోనో, పాత చీరలోనో వేసి రెండు మూడు సార్లు నీళ్లు పోసి పిండేయండి. కారే నీళ్లు టీ రంగు నుంచి లేత రంగుకు మారేదాకా కడగాలి. నీళ్లకు కరువున్న చోట ఇది బాధే, కాదనను. కడిగిన నీళ్లను కొబ్బరి చెట్టు పాదులో పోయండి, ఆ చెట్టు ఉప్పును ఓర్చుకుంటుంది. ఆర్‌ఓ మెషీన్ వదిలేసే నీళ్లతో మాత్రం కడగొద్దు, ఆ నీళ్లలోనే ఉప్పు ఎక్కువ.

కలిపే లెక్క

ఒక బొక్కెన తీసుకోండి, దాన్నే కొలతగా పెట్టుకోండి.

కూరగాయల కుండీలకు: మాగిన పొట్టు ఎరువు 3 బొక్కెనలు, కడిగిన కోకోపీట్ 2, జల్లించిన ఎర్రమట్టి 2, బాగా చివికిన పశువుల ఎరువు గానీ వానపాముల ఎరువు గానీ 2. ప్రతి బొక్కెన మిశ్రమానికీ గుప్పెడు వేపపిండి. ఎర్రమట్టి ఇంతకు మించితే రెండు మూడు తడులకే కుండీలో బిగుసుకుపోయి, పైన నీళ్లు నిలుస్తాయి. మిద్దె మీద బరువు కూడా పెరుగుతుంది. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి తప్ప వేరేది దొరకనివాళ్లు ఒక్క బొక్కెనతో ఆపి, మిగతాది నల్ల ఊకతో, ముతక ఇసుకతో నింపండి.

నారుకు: కోకోపీట్ 2, సన్న జల్లెడ పట్టిన ఎరువు 1, నల్ల ఊక గానీ ఇసుక గానీ 1. ఇందులో ఏ పిండీ వేయొద్దు, లేత వేళ్లు మాడతాయి.

గులాబీకి, మల్లెకు మట్టి పాలు పెంచండి. ఎడారి గులాబీ, కలబంద లాంటివాటికి సగానికి పైగా ముతక ఇసుక, ఇటుక ముక్కలే ఉండాలి. అజేలియా లాంటి పులుపు నేల కోరే మొక్కలకు పీట్ నిజంగానే బాగా పనికొస్తుంది. కానీ 42 డిగ్రీల ఎండలో ఆ మొక్కలను పెంచాలనుకోవడమే దండగ.

పశువుల ఎరువును జల్లించి చూసుకోకుండా వేయొద్దు. తెల్లగా, లావుగా, వంకరగా ముడుచుకున్న పురుగులు కనిపిస్తే ఏరి కోళ్లకు వేయండి. ఒక్కటి కుండీలో ఉన్నా వేళ్లు కొరికేస్తుంది.

ఎప్పుడు మార్చాలి

ఏప్రిల్, మే నెలల్లో ఏ మొక్కనూ కదపొద్దు. తొలకరి పడి ఎండ తగ్గాక గానీ, అక్టోబరు, నవంబరుల్లో గానీ మార్చండి. అన్ని కుండీలూ ఒకేసారి మార్చకండి. ముందు టమాటా, వంగ లాంటి పంట కాలం తక్కువున్న మొక్కలతో మొదలుపెట్టి, కొత్త మట్టికి ఎన్ని నీళ్లు కావాలో చేయి పట్టుబడ్డాక మిగతావాటికి రండి.

నర్సరీ నుంచి పీట్ ముద్దతో వచ్చిన మొక్కను ఉన్నది ఉన్నట్టు మన మట్టిలో పెడితే ఒక చిక్కు వస్తుంది. పీట్ ఒకసారి పూర్తిగా ఎండిందంటే నీళ్లు పీల్చుకోదు. చుట్టూ మట్టి తడిగానే ఉంటుంది, మధ్యలో వేళ్లున్న ముద్ద మాత్రం ఎముకలా ఎండి ఉంటుంది. నీళ్లు పోస్తూనే ఉన్నా మొక్క వాడిపోతుంది. అందుకే నాటే ముందు ఆ ముద్దను బక్కెట్ నీళ్లలో బుడగలు రావడం ఆగేదాకా ముంచి ఉంచండి. తర్వాత అంచుల్లో వేళ్లతో మెల్లగా విడదీసి, పీట్ రాలినంత రాల్చి నాటండి. మొత్తం కడిగేయాలని చూస్తే సన్న వేళ్లు తెగుతాయి.

నీళ్లు, బలం

పీట్ మట్టి పైన ఎండితే లోపల కూడా దాదాపు ఎండినట్టే. మన మిశ్రమం అలా కాదు. పైన అంగుళం మేర తెల్లగా పొడిబారి ఉంటుంది, రెండంగుళాల కింద చల్లగా తడిగా ఉంటుంది. పైరంగు చూసి నీళ్లు పోస్తే వేళ్లు కుళ్లుతాయి. ఈ మార్పిడిలో ఎక్కువ మొక్కలు చచ్చేది ఇక్కడే. చూపుడు వేలు రెండో కణుపు దాకా దించి చూడండి. తడి తగిలితే ఆ పూటకు వద్దు. చిన్న కుండీలైతే ఎత్తి చూస్తే బరువును బట్టే తెలిసిపోతుంది.

పోసేటప్పుడు మాత్రం అడుగు రంధ్రం నుంచి కారేదాకా నిండుగా పోయండి. బోరు నీళ్లలోని ఉప్పు కొంతైనా కిందికి కొట్టుకుపోతుంది. కుండీ అంచున తెల్లటి పేడు కడుతుంటే ఉప్పు పేరుకుంటున్నదని గుర్తు. ఏసీ నుంచి కారే నీళ్లు ఉప్పు లేనివి, పట్టి వాడుకోండి.

మట్టి పైన అంగుళం మందం శెనక్కాయల పొట్టు పరవండి. ఇక్కడ మాగని పొట్టయినా పరవాలేదు, మట్టిలో కలపకుండా పైన ఉన్నంత వరకు నత్రజని తినదు. తెగులు రాకుండా ముందు వేడి నీళ్లు పోసి ఆరబెట్టిన పొట్టే వాడండి. ఎండాకాలంలోనే కాదు, జూన్, జూలైల్లో రామగిరి కొండల మీద గాలిమరలు ఆగకుండా తిరిగే రోజుల్లో కూడా ఇది ఎంతో ఆదుకుంటుంది. ఆ గాలికి మబ్బు పట్టిన రోజున కూడా కుండీలు ఎండిపోతాయి. చెదలు కనిపిస్తే పొట్టు తీసేసి, వేపపిండి చల్లి మళ్లీ పరవండి. కుండీలను ఇటుకల మీద నిలబెడితే స్లాబు వేడి అడుగుకు తగలదు.

కొన్న పాటింగ్ మిక్స్‌లో కొన్ని వారాలకు సరిపడా ఎరువు ముందే కలిపి ఇస్తారు. మన మట్టి నెమ్మదిగా వడ్డిస్తుంది. నాటిన మూడు వారాల నుంచి, పదిహేను రోజులకోసారి శెనక్కాయల చెక్క నీళ్లు పోయండి. 100 గ్రాముల చెక్కను లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, వడగట్టి, పదింతల నీళ్లు కలపాలి. వాసన గట్టిగానే ఉంటుంది, సాయంత్రం పోస్తే పక్కింటివాళ్లకు ఇబ్బంది ఉండదు.

ఆకులు పసుపైతే ఏవి పసుపయ్యాయో చూడండి. కింది ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని చాలలేదు, చెక్క నీళ్లు పోయాలి. పైన లేతాకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. పీట్‌కు ఉండే పులుపు మన మిశ్రమంలో ఉండదు, పైగా బోరు నీళ్లు క్షారం. అందుకే ఇది వస్తుంది. మందు మన వేరుశెనగ రైతులకు తెలిసిందే: లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయాలి. అప్పటికప్పుడు కలుపుకోండి, నిల్వ ఉంటే రంగు మారి పనికిరాకుండా పోతుంది. వారం తర్వాత ఇంకోసారి కొడితే కొత్తగా వచ్చే ఆకు పచ్చగా వస్తుంది.

కుండీలో మట్టి మట్టం నెలనెలా దిగుతుంటుంది, కంగారు పడకండి, పొట్టు ఇంకా చివుకుతున్నది. పైన కొత్త ఎరువు వేసి నింపండి. గొడుగుల్లా పుట్టగొడుగులు మొలిచినా మొక్కకేమీ కాదు, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా తీసేస్తే చాలు. సన్నటి నల్ల ఈగలు ఎగురుతుంటే మాత్రం మీరు నీళ్లు ఎక్కువ పోస్తున్నట్టు, పైపొరను ఎండనివ్వండి.

పంట అయిపోయాక

ఈ మట్టిని పారబోయకండి. మార్చి, ఏప్రిల్‌లో కుండీలు ఖాళీ చేసి, వేళ్లు ఏరేసి, మిద్దె మీద జానెడు మందాన పరిచి తడపండి. దాని మీద పల్చటి, రంగు లేని, లోపలిది కనబడే ప్లాస్టిక్ కవర్ బిగించి, అంచుల మీద రాళ్లు పెట్టి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల కవర్ కన్నా ఇదే మేలు, ఎండ లోపలికి దిగుతుంది. నులిపురుగులు, తెగుళ్లు, కలుపు గింజలు చాలా వరకు చస్తాయి. కవర్ తీశాక మూడో వంతు కొత్త పొట్టు ఎరువు, కొంచెం ట్రైకోడెర్మా ఎరువు కలిపి, గోతాల్లో నింపి నీడన పెట్టుకోండి. ఆ కొత్త ఎరువు అప్పటికి చేతికందాలంటే కుప్పను డిసెంబరు, జనవరిలోనే వేసుకోవాలి. మిల్లుల్లో కొత్త కాయల పొట్టు దొరికేదీ ఆ రోజుల్లోనే.